మూత విప్పని బేరం

“మూత విప్పించి చూడు తల్లీ. చూడకుండా కొనకు.”

చెయ్యి పట్టుకు లాగుతున్న ముసల్దాన్ని చూసి ఎర్లిండాకి ఒళ్లు జలదరించింది. మాసిన గౌను, చెమట కంపు.

“ఛీ, ముట్టుకోకు!”

మనీలాలో కియాపో చర్చి దగ్గర ఆ సందంతా కరెంటు సామాన్ల కొట్లే. ఎర్లిండా పొద్దున్నే వచ్చింది, బోణీ బేరం దక్కించుకుందామని. మొదటి గిరాకీ ఉత్త చేతుల్తో వెళితే రోజంతా దరిద్రమని అక్కడి కొట్టువాళ్ల భయం. అందుకే బోణీకి ధర బాగా దిగుతుంది.

ఆమెకి ఇన్వర్టర్ కావాలి. బాతుగుడ్లు పొదిగించి, లోపల పిల్ల సగం ఎదిగాక ఉడకబెట్టి అమ్మే వ్యాపారం పెట్టుకుంది. మొగుడు ఓడల్లో చాకిరీ చేసి పంపిందంతా ఆ పొదిగే యంత్రంలోనే పోసింది. ఒక్క రాత్రి కరెంటు పోయి వేడి తగ్గిందా, అంతా మట్టిపాలే.

కొట్టు యజమాని డెల్ఫిన్ ఇన్వర్టర్ ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు.

“బరువు చూడక్కా! బ్యాటరీ లోపలే ఉంది. రాత్రంతా లాగుతుంది.”

నిజమే, చేతులు వంగిపోయాయి. బరువున్న బ్యాటరీయే మంచిదని అందరూ అనేదే కదా!

బల్బు తగిలించి చూపించాడు. ధగధగా వెలిగింది.

“వెలగనీ” అంది ముసల్ది. “ఇక్కడే కూర్చో. మధ్యాహ్నం దాకా వెలగనీ. వీడి బండారం తెలుస్తుంది.”

“పొద్దున్నే దాపురించావా, శనీ!” డెల్ఫిన్ బకెట్లో మురికినీళ్లు ముసల్దాని కాళ్లమీద కుమ్మరించాడు. “అవతలి కొట్టువాళ్లు కూలిచ్చి పంపుతారక్కా, నా బేరాలు చెడగొట్టమని!”

ముసల్ది అక్కణ్ణించి కదల్లేదు.

“సిగ్గులేదా అవ్వా? ఈ వయసులో ఒకడి పొట్టకొట్టి బతుకుతావా?” అంది ఎర్లిండా.

“నన్నేమన్నా అను. అది మాత్రం కొనకు.”

ఎర్లిండాకి పంతం వచ్చింది. కొనేసింది. డెల్ఫిన్ ఆ బోణీ నోట్లతో కొట్లో సామానంతా తట్టి, శిలువ గుర్తు వేసుకున్నాడు.

తర్వాత తుఫానొచ్చింది. చీకటి పడుతుండగా కరెంటు పోయింది.

ఇన్వర్టర్ కాసేపు మూలిగి, ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ కరెంటు రాలేదు. ఎర్లిండా ఆశ చావక యంత్రాన్ని మళ్లీ వేడెక్కించింది. ఆ వేడికి చచ్చిన పిల్లలన్నీ కుళ్లిపోయాయి. నాలుగు రోజులు తిరక్కుండా గుడ్లు టపటపా పగిలాయి. థూ, ఏం కంపది! పెరట్లో కూలబడి పేగులు తెగేలా కక్కుకుంది. ఎంత రుద్దుకున్నా ఒంటికి అదే వాసన.

అప్పుడు విప్పింది మూత.

లోపల అరచేతిలో పట్టేంత బ్యాటరీ. మిగతాదంతా సిమెంటు దిమ్మ.

కుళ్లిన గుడ్డయినా నయం, పగిలితే తెలుస్తుంది. ఈ వెధవ నవ్వుతూ “అక్కా” అన్నాడే!

ఆ పెట్టె మోసుకుని కియాపో వెళ్లింది. కొట్టు మూసి ఉంది. తలుపుకి నల్ల రిబ్బను.

“వాళ్లమ్మ పోయింది” అన్నాడు పక్క కొట్టాయన. “శవం ఇంటి దగ్గరే ఉంచారు, ఈ సందు చివర.”

“పోతే పోయింది! ఇలాంటివాణ్ణి కని ఊరిమీదికి వదిలింది, ముందు దాన్ననాలి!”

“అమ్మా, చావింటికి వెళ్లి...”

వినిపించుకోలేదు. విసవిసా నడిచింది.

డేరా కింద జనం, అక్కడి శవజాగారం ఆనవాయితీ ప్రకారం, పేకాడుతూ కాఫీలు తాగుతున్నారు. ఎర్లిండాని చూసి డెల్ఫిన్ తల దించుకున్నాడు. ఆమె వాడివైపు చూడనైనా లేదు. తిన్నగా శవపేటిక దగ్గరికి పోయి పెట్టెని దభీమని కింద పడేసింది.

“చూసుకోవే తల్లీ, నీ కొడుకు చేసిన నిర్వాకం!” అని అరుస్తూ పేటిక అద్దపు మూత మీదికి వంగింది.

లోపల, ఉతికిన తెల్లగౌనులో, ఆ రోజు తను ఛీకొట్టిన ముసల్ది పడుకుని ఉంది.