లోపలికి జరగని కండక్టర్

“లోపలికి జరుగు! ఎన్నిసార్లు చెప్పాలి?”

సగం ఆట అయ్యాక ఇచ్చిన విరామంలో డిపో మేనేజర్ నోట్లోంచి ఈల తీసి మరీ అరిచాడు. డిపో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్ కూడా ఆయనే. బోర్డు మీద బస్ డిపో 14, కరెంటాఫీసు 24. కరెంటు వాళ్ళు షాక్ మీద షాకిస్తున్నారు.

“జరగను సార్,” అంది కండక్టర్. “రోజంతా జనాన్ని జరగమనేది నేనే. అందరూ జరిగితే ఏం జరుగుతుందో నాకు తెలుసు.”

“ఏం జరుగుతుంది?”

“మీ పద్ధతిలో మా ఐదుగురం వెళ్ళి బుట్ట కిందే నిలబడుతున్నాం. మా వెనకే వాళ్ళ ఐదుగురూ. పదిమంది, ఇరవై మోచేతులు! డ్రైవరక్క దూరడానికి సందేదీ? గుమ్మం దగ్గరున్నోళ్ళు కిందికి దిగితేనే కదా సార్ లోపలోళ్ళకి దారి! నేను దిగుతున్నా. ఆ మూల, మూడు పాయింట్ల గీత బయట నిలబడతా.”

“నిలబడి పొడిచేదేంటి? అక్కణ్ణుంచి నువ్వేసిన బంతి ఈ జన్మలో ఒక్కటైనా పడిందా? నిన్నెవరు పట్టించుకుంటారమ్మా? ఐదుగురూ డ్రైవర్ మీదే పడతారు.”

“పడరు.”

“ఈ మ్యాచ్ పోతే జట్టులోంచి నీ పేరు కొట్టేస్తా!”

“తర్వాత కొట్టేద్దురుగానీ, ముందు మమ్మల్ని మ్యాచ్ కొట్టనివ్వండి.”

అప్పటికప్పుడే మార్చేసేవాడే గానీ, బెంచీ మీద మిగిలినవి నీళ్ళ సీసాలే.

ఆట మొదలైంది. కండక్టర్ వెళ్ళి మూల నిలబడింది. చిత్రం! కరెంటు స్తంభమంత పొడుగున్న అవతలి పిల్ల బుట్టని గాలికొదిలేసి ఆమెకి అతుక్కుపోయింది. “ఇటివ్వండే!” అని కండక్టర్ చేతులు చాపితే రెండో మనిషి కూడా పరిగెత్తుకొచ్చింది. బుట్ట కింద మైదానమే మైదానం. డ్రైవర్ హారనైనా కొట్టకుండా దూసుకెళ్ళి వేసేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ.

“డ్రైవర్ని ఆపండే!” అని కరెంటాఫీసులో ఒకామె మొత్తుకుంది.

“ముందు ఆ మూల వదలకండే!” అని మిగతావాళ్ళు కసిరారు.

ఇక పది సెకన్లు. 35–36. బంతి కండక్టర్ చేతికొచ్చింది.

“వెయ్యకే తల్లీ!” మేనేజర్ కళ్ళు మూసుకున్నాడు.

వేస్తున్నట్టే ఎగిరింది. ఆమెతో పాటు ముగ్గురెగిరారు. వాళ్ళ చేతుల కిందుగా బంతి డ్రైవర్‌కి చేరింది.

37–36.

మేనేజర్ కళ్ళు తెరిచి, బోర్డు చూసి, కండక్టర్ దగ్గరికి పరిగెత్తాడు. “మ్యాచంతా ఒక్కటీ వెయ్యలేదు కదమ్మా నువ్వు! వాళ్ళకేం పట్టింది, నిన్ను చూసి అంత హడలిపోయారు?”

“పొద్దున ఆ జట్టంతా ఇక్కడికొచ్చింది మా బస్సులోనే సార్. నిన్న మూల నుంచి తొమ్మిదికి తొమ్మిదీ వేశానని నేనూ డ్రైవరక్కా దారి పొడవునా వాళ్ళకి వినబడేలా చెప్పుకుంటూనే వచ్చాం.”