నీలిమందు

కాశీనాథ్ నోరు మళ్లీ పూసింది.

భాగీరథి పొంగించిన పటికను మెత్తగా నూరి, తేనెలో రంగరించి తెచ్చింది. అత్త సావిత్రమ్మ ఎదురుగానే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. నిజాం నాటి చేవెళ్లలో, అందునా కోమటిళ్లలో, పెద్దల ముందు పెనిమిటితో మాట్లాడడమే తప్పు. ఇక ముట్టుకోవడం కూడానా! మందు పూసేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనరు. భాగీరథి మగడి గడ్డం కింద చెయ్యి పెట్టి, గదువ పట్టుకుని, పెదవి వంచి, పుండు మీద వేలితో మెల్లగా అద్దింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"ఎందుకే వాన్ని సతాయిస్తవు?" అంది సావిత్రమ్మ. "నీ పటిక సుర్రుమంటది, తొందరగ తగ్గియ్యది. మొయినాబాద్ దవాఖానల ధనమ్మ నీలిమందు పెడితే చిటికెల మాయమైతది. సల్లటి చెయ్యి ఆ పిల్లది!"

కాశీనాథ్ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి భాగీరథి మిగిలిన పటికను విసురుగా పక్కన పెట్టేసింది.

మొయినాబాద్ వెళ్లొచ్చిన ప్రతిసారీ ఇదే వరస. నాలుక నీలంగా, ముఖం కళకళలాడుతూ దిగుతాడు. తమలపాకుల పళ్లెం ముందేసుకుని, సున్నం రాసుకుంటూ కూనిరాగాలు తీస్తాడు. నోరు బాగుపడినట్టే పడి మళ్లీ పూస్తుంది. మళ్లీ బండి కట్టాల్సిందే! ఆ ధనమ్మ చేతి కోసమే ఈయన నోరు పూయించుకుంటున్నాడా ఏమిటి? ఆ అనుమానం పుట్టాక భాగీరథికి అన్నం సయించలేదు.

"ఇగ నీ పటిక బందు," అని ఆ సాయంత్రం అత్త తేల్చేసింది. "వాని నోరు ఎప్పుడు పూసినా మొయినాబాదే పోతడు."

అంటే ఆ గదువ ఇక ధనమ్మదేనన్నమాట!

తెల్లారగానే పన్నునొప్పి అని అబద్ధమాడి, జీతగాడు మారయ్య చేత బండి కట్టించుకుని భాగీరథి మొయినాబాద్‌లో దిగింది.

దవాఖాన అరుగు మీద ధనమ్మ సీసాలు కడుగుతోంది. తెల్లచీర, మెడలో చిన్న సిలువ, నవ్వే కళ్లు. వయసు పాతిక కూడా ఉండదు. ముసలిదైనా కాకపోయె! భాగీరథికి ఒళ్లు మండిపోయింది.

"చేవెళ్ల కిరాణం సేటు ఇంటామెను," అంది. మగడి పేరు చెప్పకూడదు కదా. "నిజం చెప్పు పిల్లా. తగ్గిన నోరు మా ఆయనకు మళ్ల మళ్ల ఎందుకు పూస్తున్నది? నీ మందుల ఏం మాయ ఉన్నది?"

ధనమ్మ ఆమెను ఎగాదిగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"ఉత్త సున్నం తీసి పెదవి లోపట రాసుకోకు సేటూ అని నేను మొత్తుకుంటాంటే, 'నోరు మంచిగైతే మా ఇంటామె మా అమ్మ ముందట నా గదువ పట్టుకుంటదా?' అంటడమ్మా!"