ఎల్డన్ కొట్లో ఆఖరి బేరం

"నలభై ఐదు క్యాలిబర్‌ది మంచిదంటావా, పది మిల్లీమీటర్లది మంచిదంటావా?" రోల్ఫ్ రెండు పిస్టళ్ళనూ చెరో చేత్తో పట్టుకుని సొరకాయలు తూచినట్టు తూచాడు.

గాజుబల్ల వెనక ఎల్డన్ తలెత్తలేదు. ఈ ప్రశ్నకి పోయిన వారం జవాబు చెప్పాడు. అంతకుముందు వారమూ చెప్పాడు.

"ఎలుగుబంట్ల కోసమైతే పది. గుండు లోతుగా దిగుతుంది. నలభై ఐదు పేలినప్పుడు వెనక్కి మెత్తగా తంతుంది, చేతికి హాయి. ఎలుగు మొహాన కొట్టే పెప్పర్ స్ప్రే ఒకటి నడుముకి కట్టుకుంటే రెండింటికన్నా నయం."

"స్ప్రే ఉంది. ఇదీ ఉండాలి."

ఎల్డన్ గొంతులో విసుగు లేదు, ఇష్టమూ లేదు. భార్య గ్రేటా పోయినప్పటినుంచి ఆ గొంతు అంతే. ఆకులు రాలే కాలంలో ఆమెను సమాధి చేసి వచ్చి, మర్నాడే తుపాకుల కొట్టు తెరిచాడు. ఏడవలేదు. చావు జరిగిన ఇంటికి వంతులు వేసుకుని వండి పంపడం అమెరికాలో, మోంటానా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి ఆచారం. పంపిన గిన్నెలన్నీ వరండాలోనే ఉండిపోయాయి, కాకులు తిన్నాయి. పలకరించడానికి వెళ్ళినవాళ్ళకి "బాగానే ఉన్నా" అని చెప్పి తలుపు వేసుకునేవాడు. మనిషి బతికే ఉన్నాడు గానీ లోపల దీపం ఆర్పేసినట్టుగా ఉండేది.

ఆయన అనుకున్నది ఒక్కటే. బల్లమీదున్న పనులు ముగించి, కొట్టుకి తాళం వేసి, కొండమీద చెరువు పక్కనున్న తన చెక్క కేబిన్‌కి పోవాలి. మంచు పడితే అక్కడికి దారి కూడా ఉండదు. అక్కడ ఒక్కడివీ ఏం చేస్తావని ఎవరో అడిగితే "ఏమీ చెయ్యను" అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళకి గుండె జారింది. ఆయనకి మాత్రం ఏమీ అనిపించలేదు.

కానీ పనులు తెమిలితేగా! చెత్తడబ్బాల దగ్గర ఎలుగు కనబడిందో లేదో, ఊరికి పిస్టళ్ళ పిచ్చి పట్టింది. ముందు పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆమె బేరం తెగిందనుకునేసరికి పోస్టాఫీసు క్లర్కు తయారయ్యాడు. పిడి లావుగా ఉందని అరగదీయించుకుని, తీరా అరిగాక సన్నబడిందని కొత్తది వేయించుకున్నాడు. ఇప్పుడు రోల్ఫ్. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, జలగలా పట్టుకున్నాడు. ఇదే ఆఖరి బేరమని ఎల్డన్ అతనితో ముందే చెప్పాడు.

"సరే, పదే అనుకుందాం," అన్నాడు రోల్ఫ్. అనుకున్నాక అసలు పురాణం మొదలైంది. ట్రిగ్గర్ తేలిక చెయ్యమన్నాడు. చలికి మొద్దుబారిన వేలితో తేలిక ట్రిగ్గర్ నొక్కితే ముందు నీ కాలే పోతుందని ఎల్డన్ చెప్పాడు. గట్టి స్ప్రింగు వెయ్యమన్నాడు. బరువైన గుండ్లకి అది తెలివైన పనేనని ఎల్డన్ ఒప్పుకున్నాడు. గొట్టం పొడుగుది వేస్తేనో? ఛాతీకి కట్టుకునే తోలు ఒర మళ్ళీ కుట్టించాలి. పైన ఎర్రచుక్క కనబడే గురి అద్దం? వాన పడితే మసకబారుతుంది, గొట్టం కొసన మెరిసే చుక్క చాలు. కింద లైటు? పగలు వేటకెళ్ళేవాడికి లైటెందుకు? అన్నిటికీ వాతావరణ వార్తలు చదివినట్టు ఒకటే గొంతు.

రోల్ఫ్ గడ్డం గోక్కున్నాడు. "ఏమోనయ్యా, నలభై ఐదే మేలేమో. బంగారు రంగు ట్రిగ్గర్ పెట్టించి."

పిస్టల్ తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఎల్డన్ గుడ్డ తీసి బల్లకేసి కొట్టాడు.

"బంగారు రంగా? ఎలుగుతో పెళ్ళిచూపులకి పోతున్నావా? అన్నేళ్ళు బస్సు నడిపావు కదయ్యా, పిల్లల్ని ఎక్కించుకుని కుడికి పోవాలో ఎడమకి పోవాలో తెలీక నడిరోడ్డు మీద ఆగావా ఎప్పుడైనా? గ్రేటా ఉండుంటే నిన్ను చీపురు పుచ్చుకుని తరిమేది!"

ఆ పేరు తన నోటినుంచి వినబడేసరికి ఆయనే ఉలిక్కిపడ్డాడు. సమాధి దగ్గర కూడా పలకలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. మెడంతా ఎర్రబడింది, కళ్ళు నిండాయి. రోల్ఫ్ బయటికి పోలేదు. చేతిలోని పిస్టల్ని తిప్పి తిప్పి చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి ఎల్డన్ ముక్కు చీదుకున్నాడు.

"శనివారం పొద్దున్న షూటింగ్ రేంజికి రా. రెండూ కాల్చి చూద్దువుగాని. నీ చేతికేది కుదిరితే అది కొనుక్కుపో, పీడ వదుల్తుంది." మళ్ళీ ఏదో ఆలోచించి, "తిని రాకు. అటునుంచటు లవోన్ హోటల్లో తిందాం," అన్నాడు.

రోల్ఫ్ రోడ్డు దాటి అదే హోటల్లోకి వెళ్ళాడు. డాక్టరమ్మ, క్లర్కు, ఇంకా పొద్దుటి కాఫీకి వచ్చే జనమంతా అక్కడే ఉన్నారు. లవోన్ కాఫీ కూజాతో ఎదురొచ్చింది.

"కొన్నావా?"

"ఎక్కడ? శనివారం రేంజికి రమ్మన్నాడు. తిట్టాడు కూడా."

"ఎల్డనా? తిట్టాడా?"

"నోరారా తిట్టాడు. గ్రేటా పేరెత్తాడు. శనివారం ఇక్కడే తింటాడట."

లవోన్ ఏప్రను అంచుతో కళ్ళు ఒత్తుకుని, బల్లల వైపు తిరిగింది.

"అయితే, రోల్ఫ్ తర్వాత తుపాకీ కొనే వంతు ఎవరిది?"