అన్న ఎత్తుకి లేచే అద్దం

"మీ ఆయన అర్ధరాత్రి షెడ్డులో బండెక్కి కూర్చుంటున్నాడు, ఓ కంట కనిపెట్టమ్మా" అని పక్కింటి పిన్నిగారు చెప్పిందట. భార్య ఆ మాట చేరవేసేసరికి అతనికి ఒళ్ళు మండింది. ఆ వేళకి తను గురకపెట్టి నిద్రపోతుంటాడని ఆమెకి తెలియదా?

"ఇంజను విప్పి కిరసనాయిలు తొట్టిలో నానేశాను. ఆ బండెక్కి ఏం చేస్తానే, గుడ్లు పొదుగుతానా?"

దూరాలు తిరిగే ఆ పెద్ద మోటారుసైకిలు, చనిపోయిన అన్నయ్యది. బతికున్నన్నాళ్ళూ తమ్ముణ్ణి హ్యాండిల్ ముట్టనివ్వలేదు. "వెనక కూర్చోరా" అనేవాడు, అంతే. అన్న పోయాక అది షెడ్డులో తుప్పుపట్టింది. దాన్ని బాగుచేసి ముందు సీట్లో తనే కూర్చోవాలని తమ్ముడి పంతం.

పిన్నిగారి మాటకన్నా అతన్ని ఎక్కువ మండిస్తున్నది బండి అద్దం. అన్న తాటిచెట్టంత మనిషి, ఇతను పొట్టి. రోజూ అద్దాన్ని తన కంటికి దించి నట్టు బిగిస్తాడు. తెల్లారేసరికి అది పైకి చూస్తుంటుంది. భార్యనీ తిట్టాడు, పిల్లినీ తిట్టాడు.

ఆ రాత్రి పళ్ళు బిగబట్టి మరీ నట్టు బిగించాడు. దీపం ఆర్పి, బండెక్కి కాపలా కూర్చున్నాడు. విప్పి వేలాడదీసిన బండి గొలుసు నుంచి నూనె చుక్కలు రేకు మీద పడుతున్నాయి. కాసేపటికి ఆ చప్పుడూ ఆగింది.

నట్టు కిర్రుమంది. చెయ్యి చాపి తడిమాడు. అతని వేళ్ళ కిందే అద్దం మెల్లగా పైకి లేస్తోంది.

భయపడాల్సినవాడికి పాత కోపం పొంగుకొచ్చింది.

"పోయినవాడివి పోయావు. ఇక వెనక కూర్చో అన్నా."