ఎనిమిదో చెంచాకే చీకటి

ఉదయం 11.20. నారాయణఖేడ్‌లోని ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో, తొట్టిలో ఎనిమిదో చెంచా పాలు పడగానే టార్చి వెలుగు కనపడకుండా పోయింది. లెక్క ప్రకారం అది పదహారో చెంచాకు పోవాలి.

ప్రయోగం ఫైనలియర్ చదివే సలోమిది. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్‌ను పొగమంచు కప్పి ఉంటుంది. ఆ మంచులో వెలుగు ఎలా చెదురుతుందో ఆమె కంప్యూటర్‌లో లెక్క కట్టింది. సరిచూడటానికి గాజు తొట్టి, నిండా నీళ్లు. పాలు పొగమంచు. టార్చి సూర్యుడు. ఒక్కో చెంచా ఎంత వెలుగు ఆపుతుందో మొదటిరోజే కొలిచి లెక్కలో వేసుకుంది. మూడు వారాలుగా ఎన్నిసార్లు చేసినా లెక్క, తొట్టి కలిశాయి.

బెంగళూరులో రెండు నెలల శిక్షణకు ఒకే సీటు. ఎంపిక చేయడానికి హైదరాబాద్ నుంచి ప్రొఫెసర్ వచ్చారు.

"నాలుగింటిలోపు తప్పెక్కడుందో చెప్పు, సీటు నీదే," అన్నారు ప్రొఫెసర్ మేడం. "లేదంటే ఇంకో కాలేజీ చూసుకుంటాను."

సలోమి టార్చి సెల్లులు మార్చింది. తొట్టి కడిగింది. వెలుగు కొలిచే మీటరు ఇంకొకటి తెచ్చింది. ప్రోగ్రాం మొదటి నుంచి చదివింది. రెండు అక్షరదోషాలు దొరికాయి. లెక్కలో తప్పు దొరకలేదు.

లెక్చరర్ అంబదాస్ పక్కన కూర్చున్నాడు.

"చెంచా మార్చినవా?"

"గదే చెంచా సార్."

"నీళ్లు?"

"గదే బోరు."

"పాలు?"

"మన బీరప్ప కాకా తెచ్చినయే. రోజూ గవే."

"ఇగ మిగిలింది టైటానే. పోయి చూసొస్తవా?"

సలోమి నవ్వలేదు.

3.45కు బీరప్ప ఖాళీ క్యాన్ కోసం వచ్చాడు. మనూర్ నుంచి కాలేజీ క్యాంటీన్‌కు పాలు తెచ్చేది అతనే. సలోమి మొహం చూసి గుమ్మంలో ఆగాడు.

"ఏమైంది బిడ్డా? ఫెయిలైనవా?"

"పొద్దుగాల్నుంచి ఎతుకుతున్న కాకా. తప్పు దొరుకుతలేదు. సగం పాలకే చీకటైతుంది."

ప్రొఫెసర్ గడియారం చూసుకున్నారు.

"గా పాలనైతే ఏమనకు," అన్నాడు బీరప్ప. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. కానీ ల్యాబులో అందరికీ వినపడింది.

"హైదరాబాద్ మేడం వస్తున్నదని నిన్న సార్ చెప్పిండు, కాలేజీ ఇజ్జత్ పోవద్దని ఇయ్యాల ఒక్క సుక్క నీళ్లు గూడ కలపలే."