దారి వదలండి

రాజాం జంక్షన్‌లో అంబులెన్సు ఆగిపోయింది. ముందు రోడ్డంతా జనం. సరిహద్దు యుద్ధంలో చనిపోయిన జవాను శవపేటిక ఆ దారినే వస్తోందని, జెండాలూ పూలూ పట్టుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి ఉన్నారు.

లోపల ఝాన్సీకి నొప్పులు ఎక్కువయ్యాయి. తొలి కాన్పు. బీపీ ఎంతకీ దిగడం లేదని, ఇంక తన వల్ల కాదని పీహెచ్‌సీ డాక్టరమ్మ శ్రీకాకుళం పెద్దాసుపత్రికి రాసేసింది. తోడుగా వచ్చిన ఆశా కార్యకర్త గున్నమ్మ, ఉబ్బిపోయిన ఆ పిల్ల మొహాన్ని తడిగుడ్డతో తుడుస్తోంది.

"ఎవులు పోనారు పిన్నీ?" పళ్ళబిగువున అడిగింది ఝాన్సీ.

"ఎవులోనమ్మా. నువ్వు మాటాడకు."

గున్నమ్మ దిగి తలుపు గట్టిగా మూసింది. జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి, రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకున్న కుర్రాళ్ళను బతిమాలింది. తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదమని చెప్పింది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, అక్కడ ఏర్పాట్లు చూస్తున్న హరిబాబునడగమన్నారు.

హరిబాబు చెడ్డవాడు కాదు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పేటిక చీపురుపల్లి దాటిందని, ఈ పక్కకు ఒక్క బండినీ రానివ్వొద్దన్నారని నెమ్మదిగానే చెప్పాడు. వెనక్కి తిప్పుకుని వేరే దారిన పొమ్మన్నాడు. వెనక అప్పటికే లారీలు, బస్సులు నిలిచిపోయి ఉన్నాయి.

డ్రైవరు హారన్ కొట్టాడు. నలుగురు వెళ్ళి బండి మీద చరిచారు. చావుకైనా మర్యాద ఇవ్వరా అని ఎవరో తిట్టారు. తలుపు వేసి ఉన్నా ఝాన్సీ అరుపు ఇక్కడిదాకా వినబడింది.

గున్నమ్మ చేతులు జోడించింది.

హరిబాబు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "మన కోసం పేనం ఇచ్చినోడమ్మా. ఆడికీ ఇంటికాడ పెళ్ళాం ఉన్నాదట, నెలలు నిండి. ఆ తల్లి ఎంతలా ఏడస్తన్నాదో. ఆయమ్మ మొకం సూసైనా పావుగంట ఆగలేమా?"

గున్నమ్మ ఒకసారి అంబులెన్సు వైపు చూసింది. హరిబాబు చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, చెవి దగ్గర మెల్లగా అంది:

"ఆయమ్మ ఇంటికాడ నేదు బాబూ. ఆ బండిలో ఉన్నాది. దానికింకా ఎవులూ సెప్పనేదు."