మిగిలిపోయిన మూడో స్ట్రైక్

బేస్‌బాల్ ఆటగాడు ఎడమచేతివాటం ఫెర్మిన్ పోయి ఆ రాత్రికి తొమ్మిదో రోజు. చక్కెర మిల్లు వెనక మైదానంలో అభిమానులు ఆయన ఆత్మశాంతికి జపమాల ప్రార్థన ముగించి అల్లం టీ తాగుతుండగా కరెంటు పోయింది.

"ఇదీ ఆయన పనే! ఆఖరి ఆటలో రెండు స్ట్రైకులు వేసి, భుజం పట్టేసిందని దిగిపోయాడు. ఇంకొక్కటి, ఆ మూడోది పడితే బ్యాటర్ ఔటై మనం గెలిచేవాళ్లం," అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

బ్రిహిదా నవ్వలేదు. ఫెర్మిన్ ఎవరినైనా ఔట్ చేస్తే ఆమె గరిటెతో మోగించే సత్తుగిన్నె ఒళ్లో ఉంది. ఆ ఆట తర్వాత దాన్ని మళ్లీ మోగించలేదు.

అప్పుడే బంతి విసిరే దిబ్బ మీంచి చప్పుడొచ్చింది. ఎవరో బూటుతో మట్టిని మూడుసార్లు గీకారు. బంతి విసిరేముందు అలా గీకడం ఫెర్మిన్ అలవాటు.

నవ్వులు ఆగిపోయాయి. చెరకుతోటలో కీచురాళ్లు కూడా ఊరుకున్నాయి.

"ఒరేయ్ లియోన్సియో, చూస్తావేంరా? వాడి బంతులన్నీ పట్టింది నువ్వేగా. పోయి కూర్చో," అంది బ్రిహిదా.

ముసలి లియోన్సియో ఫెర్మిన్ ఫోటో ముందు పెట్టిన తన పాత గ్లవ్ తొడుక్కుని, చీకట్లో తడుముకుంటూ వెళ్లి దిబ్బకెదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మోకాళ్లు పట్టేస్తున్నాయిరా ఫెర్మినూ, తొందరగా కానియ్."

గ్లవ్‌లో ఠప్‌మని చప్పుడు!

"బంతి ఉందా?" అని అడిగింది బ్రిహిదా.

"లేదు." అతని గొంతులో ఉన్నది ఏడుపో నవ్వో తెలియలేదు. "అరచెయ్యి మాత్రం మండిపోతోంది. గిన్నె కొట్టవే అక్కా!"

బ్రిహిదా గరిటె ఎత్తింది.